నడుము ఆపరేషన్ తర్వాత... పెద్దమ్మ అడిగిన మూడు ప్రశ్నలు



నడుము నొప్పి మనకు కొత్త కాదు. నాట్లు వేస్తాం. కలుపు తీస్తాం. మిరపకాయలు కోస్తాం. ఇంటికొచ్చి నీళ్లు మోస్తాం. రాత్రి పడుకునేటప్పుడు "అబ్బా, నా నడుము!" అంటాం. తెల్లారితే మళ్లీ అదే పని.

కానీ ఒక్కోసారి ఆ నొప్పి నడుములో ఆగదు. కాల్లోకి దిగుతుంది. మా పెద్దమ్మకు అలాగే జరిగింది.

పెద్దమ్మది పల్నాడులో ఒక ఊరు. సాగర్ కాలువ కింద మాగాణి ఉంటుంది. ఆమె నాట్ల ముఠాలో ముందు వరసలో ఉండే మనిషి. ఒక ఏడాది నాట్లప్పుడు తడిసిన నారు కట్ట ఎత్తబోయింది. నడుము కళుక్కుమంది. ఆ రోజు ఎలాగో పని ముగించింది. మూడో రోజుకు నొప్పి ఎడమ పిరుదులోకి వచ్చింది. అక్కడి నుంచి తొడ వెనక్కి, పిక్క పక్కకి, చివరికి కాలి బొటనవేలి దాకా దిగింది. దగ్గితే కరెంటు కొట్టినట్టు ఉండేది. కూర్చుని అన్నం తినలేక నిలబడి తినేది.

ఊళ్లో ఒకాయన సూదులు వేశాడు. సూది వేసిన రోజు బాగుండేది. రెండో రోజు మామూలే. అలా తొమ్మిది నెలలు గడిచాయి. ఆ సూదుల్లో ఏం మందు ఉందో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగకపోవడం మా తప్పే. నొప్పి మందులు ఎక్కువ కాలం వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు నడుస్తుంటే పెద్దమ్మ ఎడమ పాదం నేలకు రాసుకుంటోంది. వేళ్లు పైకి లేవడం లేదు. అప్పుడు భయపడ్డాం. పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లాం. స్కానింగ్ తీశారు. ఆపరేషన్ చేయాలన్నారు.

ఆపరేషన్ ముందు రోజు రాత్రి పెద్దమ్మ నిద్రపోలేదు. నా చెయ్యి పట్టుకుని మూడు ప్రశ్నలు అడిగింది. "అమ్మాయ్, నొప్పి పోతుందా? నా కాళ్లతో నేను నడుస్తానా? మళ్లీ నాట్లకు పోతానా?"

నేను టీచరు ట్రైనింగ్ చదివినదాన్నే గాని డాక్టరును కాదు. నాకేం తెలుసు? పొద్దున్నే డాక్టరు గారిని అడిగాను. ఆయన విసుక్కోకుండా బొమ్మ గీసి చెప్పారు. తర్వాత నేనూ కొన్ని పుస్తకాలు చదివి సరిచూసుకున్నాను. ఇప్పుడు సాయంత్రం మన చదువు కేంద్రానికి వచ్చే వాళ్లలో ఇద్దరికి ఇలాంటి నొప్పే ఉంది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

వెన్నులో ఏముంది?

మీ చెయ్యి వెనక్కి పెట్టి వీపు మధ్యలో తడమండి. గట్టిగా గుబ్బలు గుబ్బలుగా తగులుతాయి. అవి వెన్నుపూసలు. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5 ఉంటాయి. వాటి కింద ఇంకొన్ని అతుక్కుపోయి ఉంటాయి. ఈ పూసల లోపల ఒక గొట్టంలాంటి దారి ఉంది. అందులో వెన్నుపాము ఉంటుంది. మెదడు చెప్పే మాటలు కాళ్లకూ చేతులకూ ఈ దారినే పోతాయి.

పూసకీ పూసకీ మధ్య ఒక మెత్తటి బిళ్ల ఉంటుంది. దాన్నే డిస్క్ అంటారు. తాటి ముంజ చూశారు కదా? పైన పొర, లోపల మెత్తటి గుజ్జు. డిస్క్ కూడా ఇంచుమించు అలాంటిదే. చుట్టూ గట్టి నారలాంటి పొర, లోపల జిగురులాంటి పదార్థం. మనం వంగినా, దూకినా, బరువు ఎత్తినా ఆ అదురు పూసల మీద పడకుండా ఇది కాపాడుతుంది.

ముంజను ఒక పక్క గట్టిగా నొక్కితే ఏమవుతుంది? రెండో పక్క పొర చిట్లి లోపలిది బయటికి వస్తుంది. డిస్క్ కూడా అంతే. వయసుతో పొర బలహీనపడుతుంది. వంగి, నడుము తిప్పుతూ బరువు ఎత్తితే ఒక్కోసారి చిట్లుతుంది. లోపలి గుజ్జు బయటికి వచ్చి పక్కనున్న నరాన్ని నొక్కుతుంది. నొక్కేది నడుములో, నొప్పి కాల్లో! ఆ నరం కాలి దాకా పోతుంది కాబట్టి అలా తెలుస్తుంది. ఈ సంగతిని అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు 1934లో వివరంగా రాశారు. అంతకు ముందు ఈ నొప్పికి అసలు కారణం డాక్టర్లలోనే చాలామందికి తెలియదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. డిస్క్ జారిన వాళ్లందరికీ ఆపరేషన్ అక్కర లేదు. చాలామందికి 6 నుంచి 12 వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. బయటికి వచ్చిన గుజ్జు మెల్లగా ఎండి కుంచించుకుపోతుంది. కాలు బలహీనపడుతూ ఉన్నా, వారాల తరబడి మందులకు తగ్గకపోయినా, స్కానింగులో కనిపించేదీ నొప్పి ఉన్న చోటూ సరిపోతే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. మామూలు ఎక్స్‌రేలో ఎముకలే కనిపిస్తాయి. డిస్క్ కనిపించదు. ఎం.ఆర్.ఐ. స్కానింగులో కనిపిస్తుంది.

"కాళ్లు పడిపోతాయంట కదా?"

మా ఊళ్లో అందరూ పెద్దమ్మను ఇలాగే భయపెట్టారు. "వెన్ను మీద కత్తి పెడితే మంచం దిగదు" అన్నారు. పెద్దమ్మ ఆలస్యం చేయడానికి ఈ మాటే సగం కారణం.

డాక్టరు గారు బొమ్మలో ఒక చోట వేలు పెట్టి చూపించారు. వెన్నుపాము నడుము కింది దాకా రాదట. నడుములోని మొదటి పూసా, రెండో పూసా దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి విడివిడి నరాలు గుర్రం తోకలాగా వేలాడుతుంటాయి. పెద్దమ్మకు జారిన డిస్క్ నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య ఉంది. చాలామందికి జారేది అక్కడే, లేదంటే దాని కింద. అంటే వెన్నుపాముకు చాలా కింద.

అలాగని భయం అసలే లేదని కాదు. చీము పట్టవచ్చు. నరాల మీది పొర చిరిగి నీరు కారవచ్చు. నరం దెబ్బతినవచ్చు. ఇవి కొద్దిమందికే జరుగుతాయి. కానీ జరుగుతాయి. కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇవన్నీ అడిగి తెలుసుకోవాలి. పెద్దమ్మ ఆ కాగితం మీద వేలిముద్ర వేయలేదు. మన కేంద్రంలో నేర్చుకున్న సంతకమే పెట్టింది. చెయ్యి వణికింది గాని పూర్తి పేరు రాసింది.

ఆపరేషన్‌కు మత్తు ఇస్తారు. నడుము మీద చిన్న కోత పెడతారు. బయటికి వచ్చి నరాన్ని నొక్కే ముక్కను మాత్రమే తీస్తారు. డిస్క్ మొత్తం తీసేయరు.

మొదటి ప్రశ్న: నొప్పి పోతుందా?

డాక్టరు గారు దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేదు. "ఏ నొప్పి అమ్మా?" అని ఎదురు అడిగారు.

కాలి నొప్పి వేరు. నడుము నొప్పి వేరు. ఈ ఆపరేషన్ ముఖ్యంగా కాలి నొప్పి కోసం చేసేది. పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి కాలి నొప్పి బాగా తగ్గుతుంది. కొందరికి మత్తు దిగగానే తేడా తెలుస్తుంది. పెద్దమ్మ కళ్లు తెరిచి మొదట అన్న మాట, "కాల్లో ఆ మంట లేదే!"

నడుము నొప్పి అలా పోదు. కోసిన చోట పచ్చి నొప్పి రెండు మూడు వారాలు ఉంటుంది. పాతికేళ్లు వంగి పనిచేసిన నడుముకు అంతకు ముందు నుంచే ఉన్న నొప్పి కొంత మిగిలే ఉంటుంది. ఇది ముందే తెలిస్తే మంచిది. తెలియకపోతే "ఆపరేషన్ పాడైంది" అని ఏడుస్తాం. మా పక్కింటి ఆమె అలాగే పెద్దమ్మను ఏడిపించి పోయింది.

మూడోది తిమ్మిరి. ఇది అన్నిటికంటే నిదానం. మన పెరట్లో గడ్డి మీద రాయి పెట్టి మరిచిపోయామనుకోండి. నెల తర్వాత రాయి తీస్తే గడ్డి తెల్లగా పాలిపోయి ఉంటుంది. రాయి తీసిన రోజే పచ్చబడదు కదా? కొన్ని వారాలు పడుతుంది. రాయి మరీ ఎక్కువ కాలం ఉంటే కొంత చోట గడ్డి మళ్లీ మొలవదు. నరం కూడా అంతే. బాగా దెబ్బతిన్న నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. నడుము నుంచి బొటనవేలు ఎంత దూరమో చూసుకోండి. అందుకే తిమ్మిరీ, కాలి బలహీనతా తగ్గడానికి నెలలు పడుతుంది. కొందరికి కొంచెం మిగిలిపోతుంది. పెద్దమ్మ ఆ తొమ్మిది నెలలు ఆగకుండా ముందే వెళ్లి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో ప్రశ్న: నడుస్తానా?

ఆపరేషన్ అయిన మర్నాడే పెద్దమ్మను లేపి నడిపించారు. మా అమ్మ నర్సు మీద గొడవ పెట్టుకుంది. "పచ్చి పుండు మీద నడిపిస్తారా?" అంది. నర్సు నవ్వి, "నడకే మందు అమ్మా" అంది.

నిజమే. పడుకునే ఉంటే కండలు కరిగిపోతాయి. పిక్కల్లో రక్తం గడ్డ కట్టే ప్రమాదం కూడా ఉంది. ఇంటికి వచ్చాక రోజుకు నాలుగైదు సార్లు, కొంచెం కొంచెం నడవాలి. మొదటి వారం పెద్దమ్మ వాకిలి దాకా నడిచింది. రెండో వారం రామాలయం దాకా. తర్వాత బడి దాకా. నడకకు ఖర్చు లేదు. చదునుగా ఉన్న దారి కావాలి, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

మంచం మీద నుంచి లేవడానికి ఒక పద్ధతి ఉంది. తిన్నగా నడుము ఎత్తి లేవకూడదు. ముందు మోకాళ్లు మడవాలి. మొద్దు దొర్లినట్టు ఒళ్లంతా ఒకేసారి పక్కకు తిరగాలి. కాళ్లు మంచం కిందికి వదలాలి. చేతులతో మంచాన్ని నొక్కుతూ లేవాలి. మేం కేంద్రంలో దీన్ని చాప మీద ఆడి చూశాం. అందరూ నవ్వారు గాని, అందరికీ వచ్చింది.

నులక మంచం వద్దు. అది మధ్యలో గుంట పడుతుంది. చెక్క మంచం మీద మెత్తటి పరుపో, మందపాటి బొంతో వేసుకోవాలి. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. హాయిగా ఉంటుంది.

కూర్చోవడం నడక కంటే కష్టం. కూర్చున్నప్పుడు డిస్క్ మీద ఒత్తిడి ఎక్కువ. మొదట్లో 20 నిమిషాలకోసారి లేవాలి. కింద గొంతుక్కూర్చోవడం కొన్ని వారాలు మానాలి. మరుగుదొడ్డి సంగతి ఇక్కడే వస్తుంది. మనకు చెప్పుకోవడానికి సిగ్గు. కానీ ఆపరేషన్ అయిన మనిషికి ఇదే పెద్ద బాధ. మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ దొరుకుతుంది. దొడ్డి మీద వేస్తే చాలు. నొప్పి బిళ్లలు కొన్ని మలబద్ధకం తెస్తాయి. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. అందుకని నీళ్లు బాగా తాగాలి. ఆకుకూరలు, పండ్లు తినాలి.

ఇంకో సంగతి. భర్తతో కలిసి ఉండటం ఎప్పటి నుంచి అని మనం ఎవరినీ అడగం. ఆయనా అడగడు. ఒకరు భయపడుతూ, ఒకరు కోపంగా రోజులు గడుపుతారు. నొప్పి తగ్గి, పుండు మానాక, సాధారణంగా కొన్ని వారాలకు పరవాలేదు. నడుముకు ఒత్తిడి లేకుండా ఉండాలి. అప్పటిదాకా వద్దని చెప్పే హక్కు మనకు ఉంది. నర్సును అడగండి. నర్సులకు ఇది కొత్త ప్రశ్న కాదు.

మూడో ప్రశ్న: నాట్లకు పోతానా?

దీనికి డాక్టరు గారు కాసేపు ఆలోచించారు. "మూడు నెలలు వద్దు. తర్వాత చూద్దాం" అన్నారు.

పెద్దమ్మ ముఖం మాడిపోయింది. మూడు నెలలంటే ఒక నాట్ల కాలం పోయినట్టే. కూలి డబ్బులు పోతాయి. అంతకంటే ఎక్కువగా, ముఠాలో చోటు పోతుందని ఆమె దిగులు.

ఎందుకు వద్దన్నారు? మొదటి వారాల్లో డిస్క్ పొర ఇంకా మానదు. వంగడం, బరువు ఎత్తడం, నడుము తిప్పడం ఈ మూడూ కలిస్తే అదే చోట మళ్లీ జారవచ్చు. నూటికి ఐదు నుంచి పదిహేనుమందికి అలా మళ్లీ జారుతుంది. నాటు వేయడమంటే ఆ మూడూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేయడమే.

బరువు లెక్క కూడా చూద్దాం. ఒక లీటరు నీళ్లు ఒక కిలో. మన పెద్ద బిందెలో 12 నుంచి 15 లీటర్లు పడతాయి. అంటే 12 నుంచి 15 కిలోలు. బిందె బరువు దీనికి అదనం. మొదటి వారాల్లో రెండు మూడు కిలోలకు మించి ఎత్తవద్దని చెప్పారు. అంటే చెంబుతో నీళ్లు తెచ్చుకోవచ్చు. బిందె వద్దు. గ్యాసు బండ వద్దు. మనవణ్ణి ఎత్తుకోవడమూ వద్దు. మనవడికి రెండేళ్లు, 11 కిలోలు. పెద్దమ్మకు బిందె మానడం కష్టం కాలేదు. మనవడు చేతులు చాపి వస్తే మాత్రం ఏడ్చేసింది. చివరికి ఆమె కుర్చీలో కూర్చుంటే, వాణ్ణే ఎక్కి ఒళ్లో కూర్చోమన్నాం.

ఇంట్లో రెండు రకాల మాటలు వినిపించాయి. మా పెదనాన్న "కదలకుండా పడుకో" అనేవాడు. కొడుకు పదిహేను రోజులకే "కుట్లు తీశారు కదా, ఇంకేంటి, పొయ్యి దగ్గరికి లే" అన్నాడు. రెండూ తప్పే. పైన కుట్లు మానితే లోపల మానినట్టు కాదు. నేను ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన కాగితం తీశాను. అది ఇంగ్లీషులో ఉంది. ఎవరికి అర్థమవుతుంది? పాత క్యాలెండరు వెనక తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించాను. ఏ వారం ఏం చేయవచ్చు, ఏం చేయకూడదు అని. ఆ తర్వాత ఎవరేమన్నా పెద్దమ్మ గోడ దగ్గరికి పోయి వేలు పెట్టి చదివి వినిపించేది. కొడుకు నోరు మూసుకుని బిందె ఎత్తేవాడు.

మీరూ డాక్టరు గారిని తెలుగులో రాసివ్వమని అడగండి. అడిగితే తప్పు లేదు.

ఇవి కనిపిస్తే ఆగవద్దు

ఆపరేషన్‌కు ముందైనా, తర్వాతైనా ఇది గుర్తుంచుకోండి. మూత్రం రాకుండా బిగుసుకుపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట, తొడల మధ్య చర్మం మొద్దుబారినా, రెండు కాళ్లూ ఒక్కసారిగా బలహీనపడినా అదే రోజు పెద్ద ఆస్పత్రికి వెళ్లాలి. తెల్లారనివ్వకూడదు. గుర్రం తోకలాంటి నరాలన్నీ కలిసి నొక్కుకుపోయాయని దాని అర్థం. ఆలస్యం అయితే అవి తిరిగి పనిచేయకపోవచ్చు. 108కు ఫోన్ చేయండి.

కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా, లేచి కూర్చుంటే తల పగిలిపోతున్నా, ఒక పిక్క వాచి నొప్పి పుట్టినా డాక్టరుకు చూపించాలి.

అన్ని నడుము నొప్పులూ డిస్క్ నొప్పులు కావు. సాయంత్రం జ్వరం వస్తూ, మనిషి బక్కచిక్కిపోతూ, రాత్రిళ్లు కూడా వెన్ను నొప్పి ఉంటే క్షయ కావచ్చు. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసలకూ వస్తుంది. దానికి ప్రభుత్వ ఆస్పత్రిలో మందులు ఉచితం. చాలామందికి ఆపరేషన్ లేకుండానే, నెలల తరబడి మందులు మానకుండా వాడితే నయమవుతుంది. కొందరికి వెన్నులో రాడ్లు, స్క్రూలు వేసి పూసలను అతికే పెద్ద ఆపరేషన్ చేస్తారు. దాని లెక్క వేరు, మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. మన ఇళ్లలో చుట్ట, బీడీ తాగే ఆడవాళ్లూ ఉన్నారు. ఎముక అతుక్కోవడానికి పొగాకు అడ్డం. మానాలి.

ఖర్చు సంగతి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైంది. తర్వాత పేర్లు మారాయి, రూల్సూ మారుతూ ఉంటాయి. మీ ఆపరేషన్ అందులో ఉందో లేదో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. డబ్బు కట్టాక అడిగితే లాభం లేదు.

ఇప్పుడు పెద్దమ్మ

ఆపరేషన్ అయి ఏడు నెలలైంది. పాదం ఇప్పుడు లేస్తోంది. బొటనవేలికి మాత్రం తిమ్మిరి పోలేదు. చెప్పు జారిపోయినా ఆమెకు తెలియదు. ఒకసారి ఒక చెప్పు బజారులో వదిలేసి, ఒక్క చెప్పుతో ఇంటికి వచ్చింది. వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనిచ్చాం.

ఈసారి నాట్లకు పోలేదు. మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయింది. పీట మీద కూర్చుంటుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తుంది. మేస్త్రి మొదట గొణిగింది. ఇప్పుడు ఆమె లేచినప్పుడు మిగతా వాళ్లూ లేచి నడుము సాగదీసుకుంటున్నారు.

వచ్చే ఏడాది నాట్ల సంగతి డాక్టరు గారిని మళ్లీ అడుగుతానంటోంది. ఒప్పుకోకపోతే నారు కట్టలు లెక్కపెట్టే పనైనా ఇమ్మని ముఠాను అడుగుతుందట. "లెక్క రాసేదానికి చదువు ఉండాలి కదా, నాకు ఉంది" అంటోంది.

సాయంత్రం కాలువ గట్టు దాకా నడిచి వస్తుంది. మనవడు ముందు నడుస్తాడు. వాడు అలసిపోయి ఎత్తుకోమంటే ఇద్దరూ గట్టు మీద కూర్చుంటారు.